రెండు హారన్ల వంతెన

మా ఊరు గ్రెండాల్‌లో ఎవరినైనా అడగండి. చీకటి పడ్డాక బీట్ రోడ్డులో రైలు వంతెన కింద నుంచి ఎవడూ ఇష్టపడి వెళ్ళడు. తప్పకపోతే ముందు రెండుసార్లు హారన్ కొడతాడు, ఆగుతాడు, చెవులు రిక్కిస్తాడు.

హారన్‌కి కారణం ఉంది లెండి. ఆ దారి ఒక్క బండి పట్టేంతే. లోపల పల్లంలోకి దిగి వంపు తిరుగుతుంది, అవతలి బండి ఇవతలికి కనపడదు. అందుకని రెండు హారన్లు కొట్టాలి. లోపల్నుంచి జవాబుగా రెండు వినపడితే పక్కకి తప్పుకోవాలి. వినపడకపోతే వెళ్ళొచ్చు. మా తాతల నాటి పద్ధతి ఇది, కుర్రకారు కూడా తప్పరు.

రాయిస్ పోయిన దగ్గర్నుంచే వంతెనకి చెడ్డపేరు. లోపల ఏ బండీ లేకపోయినా జవాబొస్తుందని ఒకరిద్దరన్నారు. తాగి చెబుతున్నారనుకున్నాను... మార్లిస్ నోట వినేదాకా.

మార్లిస్ మా ఊరి పోలీసు. రాయిస్ ఆవిడ మొగుడు. రెండేళ్ళ కిందట, పొలాల్లో బీట్ దుంపలు తవ్వే అక్టోబరులో, అతని పికప్ వంతెన కింద గోడకి అతుక్కుపోయి కనిపించింది. గుద్దింది దుంపల లారీయే. నేలంతా దుంపలు దొర్లి ఉన్నాయి. గుద్దినవాడు మాత్రం ఆగలేదు.

దాపునున్న ఇంటావిడ రాయిస్ కొట్టిన రెండు హారన్లూ విన్నది. జవాబు మాత్రం వినలేదు. పికప్ ముందు నంబరు ప్లేటు ఊడి ఎటు పోయిందో, ఎంత వెతికినా దొరకలేదు. ఆ రోజుల్లో ఆ దారిన తిరిగే లారీలు వందలు. అన్నీ సొట్టలే, అన్నిటి నంబర్లూ బురద కిందే. ఎవర్నని పట్టుకుంటారు?

అందుకే, బండ్ల నంబర్లు చదివే కెమెరాలు పోలీసులకి కొనాలా వద్దా అని ఊరి కౌన్సిల్లో మాటొచ్చినప్పుడు మార్లిస్ పట్టుబట్టింది. హాలు కిటకిటలాడింది ఆ రోజు. సగం మంది వద్దన్నవాళ్ళే. ఆవిడ పక్కింటి ముసలాయన ఆర్విల్ కూడా లేచాడు.

"మనమేమన్నా దొంగలమా? చర్చికెళ్ళినా రాసుకుంటారు, సారాకెళ్ళినా రాసుకుంటారు. ఎందుకొచ్చిన గోల ఇది?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం ఆర్విల్?" అన్నాడు పోలీసు చీఫ్ లోవెల్. హాలంతా గొల్లుమంది. ఆర్విల్ కూడా నవ్వాడు.

మార్లిస్ నవ్వలేదు. "నా మొగుణ్ణి గోడకేసి నొక్కి పోయినవాడు ఈ ఊళ్ళోనే తింటున్నాడు, పడుకుంటున్నాడు. వాడెవడో తెలిస్తే చాలు నాకు. ఇంకేం అక్కర్లేదు" అని కూర్చుంది. ఒక్క ఓటు తేడాతో కెమెరాలు వచ్చాయి.

మర్నాడు ఆర్విల్ బంగాళాదుంపలూ మాంసమూ కలిపి వండిన కూర గిన్నె పట్టుకొచ్చాడు. "కోపం పెట్టుకోకమ్మాయ్" అన్నాడు. రాయిస్ పోయిన దగ్గర్నుంచి వారం వారం తెస్తూనే ఉన్నాడు పాపం, పెళ్ళాం పోయిన మనిషి, వండటం సరిగా రాకపోయినా.

ఒక కెమెరా వంతెనకి ఊరి వైపున స్తంభానికి బిగించారు. పోయిన ప్లేట్ల జాబితాలో మార్లిస్ తన చేత్తోనే మొట్టమొదట రాయిస్ నంబరు ఎక్కించింది. ఆ ప్లేటు ఎవడి దగ్గరన్నా ఉంటే ఏనాటికైనా బయటపడకపోతుందా అని.

ఈ అక్టోబరులో ముసురు పట్టింది. ఓ సాయంత్రం చీకటి పడుతూనే ఆవిడ ఫోను కుయ్యిమంది. కెమెరా పంపిన కబురు. తీసి చూస్తే... రాయిస్ బండి నంబరు.

ఫొటో తెరిచింది. ఆ కెమెరా చీకట్లో తీస్తే నంబరు ప్లేటు ఒక్కటే మెరుస్తుంది, తక్కినదంతా నలుపే. ఆ నలుపులో రాయిస్ ప్లేటు వేలాడుతూ ఉంది, ఒక మూల వంగి. బండి లేదు. మనిషి లేడు.

"కొత్త యంత్రం, తప్పు చదివుంటుంది" అన్నాడు లోవెల్. "ఒక్కదానివే అటు వెళ్ళకు."

మర్నాటి సాయంత్రం మళ్ళీ వచ్చింది. అదే ప్లేటు, అదే మూల వంగి.

ఆ తర్వాతి రోజు చెప్పా పెట్టకుండా ఒక్కతే బయల్దేరింది. భయం లేక కాదు. కానీ రాయిస్సే వస్తున్నాడా... వస్తే ఎవరు గుద్దారో చెబుతాడా? ఆ ఆశ ఆవిణ్ణి ఇంట్లో కూర్చోనివ్వలేదు.

వంతెన ముందు ఆపింది. సన్నగా వాన. లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. రాయిస్ పోయాక ఆవిడ ఆ దారి తొక్కలేదు.

రెండుసార్లు హారన్ కొట్టింది.

ఆగింది.

ఏమీ లేదు... నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప.

దేవుణ్ణి తలుచుకుని కారు ముందుకి పోనిచ్చింది. ముందు చక్రాలు పల్లంలోకి దిగాయో లేదో—

లోపల్నుంచి రెండు హారన్లు.

పొట్టిగా ఒకటి, కాస్త సాగదీసి ఒకటి. ఆ సాగదీత ఆవిడకి తెలుసు. రోజూ సాయంత్రం ఇంటికొస్తూ రాయిస్ వాకిట్లో అలాగే కొట్టేవాడు. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. గేరు మార్చి ఒక్క ఊపున వెనక్కి లాగి పక్కకి తిప్పింది.

అంతే. చీకట్లోంచి ఒంటికన్ను లారీ దూసుకొచ్చింది. ఆవిడ కారు అద్దాన్ని రాసుకుంటూ పోయి, జారుతూ, కెమెరా స్తంభం దాటి ఆగింది. వెనక నుంచి దుంపలు దబదబా రాలాయి. ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే ఆవిడా గోడకి అతుక్కుపోయేది.

ఫోను కుయ్యిమంది.

చూడకుండానే తెలిసింది ఆవిడకి ఏ నంబరో. టార్చి పట్టుకుని లారీ ముందుకి నడిచింది. లారీ నంబరు బురద కిందే ఉంది. బంపరుకీ జాలీకీ నడుమ రెండేళ్ళ బురద గడ్డ కట్టి ఉంది. ముసురుకి అది కరిగి కరిగి, లోపల ఇరుక్కున్న నంబరు రేకు బయటపడింది. ఒక మూల వంగి ఉంది.

లారీ తలుపు కిర్రుమంది.

"మార్లిస్? నువ్వా అమ్మాయ్? దెబ్బేమన్నా తగిలిందా?"

ఆర్విల్. టార్చి వెలుగు ఎక్కడ ఆగి ఉందో చూశాడు. వంగి చూశాడు. మెల్లగా టోపీ తీశాడు.

"ఇది ఇక్కడుందని తెలీదు... ఒట్టు. ఆ పూట షెడ్డులో పెట్టి తాళం వేశాను. మళ్ళీ దీని మొహం చూడలేదు. అల్లుడి లారీ చెడిపోయింది, మంచు పడేలోగా దుంపలు తియ్యాలని ఈ వారమే బయటికి తీశాను."

"మీరా..." అంది మార్లిస్. అరవలేదు. "వారం వారం గిన్నె తెచ్చేవారు కదా."

"ప్రతిసారీ చెబుదామనే వచ్చేవాణ్ణి. నువ్వేమో దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి ఆర్విల్ అనేదానివి. ఇక నోరు పెగిలేది కాదు."

"ఆ రోజు హారన్ ఎందుకు కొట్టలేదు?"

"ఈ బండికి హారన్ లేదమ్మాయ్. ఆ వేసవిలోనే చచ్చింది. బాగుచేయిద్దాం, చేయిద్దాం అనుకుంటూనే..." ముసలాయన లారీ బానెట్ మీద చెయ్యి వేశాడు. "రాయిస్ కొట్టింది విన్నాను. అప్పటికే పల్లంలో ఉన్నాను, దుంపల బరువుకి బండి ఆగలేదు."

మార్లిస్ ఒక అడుగు ముందుకేసింది.

"మరి ఇప్పుడు కొట్టారుగా. రెండుసార్లు. అందుకేగా నేను తప్పుకున్నది."

ఆర్విల్ ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత మెడ తిప్పి, వంతెన కింది చీకటికేసి చూశాడు.

"నేను నాలుగు విన్నానమ్మాయ్... నాలుగూ నువ్వే కొట్టావనుకున్నాను."