కాటుక లేని ముఖం

చీఫ్ బల్ల మీద రెండు చిప్‌లు పెట్టాడు. రెండూ గోరంతే.

“ఎడమది విదేశీ కంపెనీది. కుడిది మనవాళ్ళది, ధర దాంట్లో నాలుగోవంతు. రేపు మొదటి లాట్ ముద్రణ. విదేశీ కంపెనీ ముఠా దాన్ని చెడగొట్టబోతోంది.”

“చవక చిప్ కోసం ఇంత రభసా?” అన్నాడు ఏజెంట్. శాఖలో అందరూ అతన్ని ఉడుత అంటారు.

“చవక కాబట్టే. పసిపిల్లలకు ఊపిరందించే యంత్రాల్లో పెట్టేది ఇదే. ఈ లాట్ పోతే కంపెనీ మూత. మళ్ళీ వాళ్ళు చెప్పిందే ధర.”

ఉడుత వాళ్ళక్క పిల్లల వార్డులో నర్సు. యంత్రాలు చాలక గాలి సంచి చేత్తో నొక్కీ నొక్కీ ఆమె మణికట్టు వాచిపోయింది.

చీఫ్ ఒక ఫోటో జరిపాడు. ఎర్రటి లిప్‌స్టిక్, దట్టంగా కాటుక. “మన చిప్ కంపెనీ సేల్స్ డైరెక్టర్. కోడ్ నేమ్ వజ్రం. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేస్తుంది. ముస్తాబు లేకుండా చావుకి కూడా వెళ్ళదు.”

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టర్ వేషంలో వెళ్ళిన ఉడుతను ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ గేటు దగ్గరే ఆపాడు. పెన్ కెమెరా, గుండీ మైకు ట్రేలో వేయించాడు.

“చిప్‌లు ముద్రించే క్లీన్ రూమ్‌లోకి ఇవేవీ కుదరవు సార్. పౌడర్, కాటుక, సెంటు కూడా. ఒక్క రేణువు రాలినా అలారం మోగుతుంది.”

లాబీలో వజ్రం ఎదురైంది.

“గొడుగు తెచ్చారా?” అన్నాడు.

“వాన వెలిసింది,” అంది. కోడ్ సరిపోయింది. “ముఠా గోడౌన్ మీద పడుతుంది. మీరక్కడ ఉండండి. నాకు ప్రెస్ మీట్ ఉంది.”

గోడౌన్ మెట్ల దగ్గర ఉడుత ఆగిపోయాడు. లాబీలో చూసిన వజ్రం ముఖం గుర్తొచ్చింది: పాలిపోయిన పెదవులు, బోసి కళ్ళు, సెంటు వాసన లేదు. కెమెరాల ముందుకు వెళ్ళే మనిషి ముఖం కడుక్కుని ఎందుకొచ్చింది?

వెనక్కి పరిగెత్తాడు. తెల్ల సూటు తొడుక్కుని, దుమ్ము ఊదేసే గదిలో పళ్ళు కొరుకుతూ నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. లోపల అందరూ తెల్ల సూట్లే, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. ముద్రణ యంత్రం దగ్గర ఒకరు చిప్ గీతలున్న గాజు పలక తీసేసి, ఇంకోటి దూరుస్తున్నారు. పలక గాడిలో పడేలోపు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఎలా కనిపెట్టావ్? ముఖమంతా మూసుంటే?” మాస్కు వెనక వజ్రం గొంతు.

“పొద్దున మూసి లేదుగా.”

“ఉత్త చవక సరుకయ్యా. దీనికోసం ఇంత ఆయాసమా?”

అతను ఆ చెయ్యి వదల్లేదు. అసలు పలక యథాస్థానంలో పెట్టించాడు. యంత్రం కదిలింది. గోడకున్న ఫోన్‌లో చీఫ్‌ని పిలిచాడు.

“శభాష్. సంకెళ్ళు వెయ్యకు. మర్యాదగా తీసుకురా. సాయంత్రం అప్పగించేస్తాం.”

“ఎందుకు సార్?”

“విదేశీ కంపెనీ ఫ్యాక్టరీలో మన మనిషి దొరికిపోయాడు. మార్చుకుంటున్నాం.”

“ఏం చేస్తూ దొరికాడు?”

చీఫ్ దగ్గాడు. “పలక మారుస్తూ.”

“అవీ పిల్లల యంత్రాల చిప్‌లేనా?”

“ఏవైతేనేం? ఆమెను సాయంత్రంలోగా తీసుకురా.” లైను తెగింది.

ఉడుత తలెత్తి గోడ వైపు చూశాడు. ధూళి కొలిచే మీటరు సున్నా చూపిస్తోంది. దానికి కంపు తెలియదు కాబోలు.