గంతులేసిన నంబరు

శంకరరావు చచ్చిపోయాడనే అనుకుంది గున్నమ్మ.

జనవరి నెల, శనివారం. ఉదయం అయిదుంబావు. భిలాయి సెక్టర్ 7 చౌరస్తాలో పొగమంచు దట్టంగా ఉంది. ఆమె అప్పుడే ఇడ్లీ బండి దగ్గర స్టవ్ వెలిగిస్తోంది. ధబ్బుమని చప్పుడైంది. తలెత్తేసరికి రోడ్డుకి అడ్డంగా సైకిలు. పక్కన మనిషి. కొంచెం ముందు, ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన తెల్ల కారు.

కారులోంచి ఒకడు దిగాడు. మంకీ క్యాప్, శాలువా. పడ్డవాడి మీదికి వంగి చూశాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి నడిచి, కారెక్కి వెళ్ళిపోయాడు.

శంకరరావు బతికాడు. తొడ ఎముక విరిగింది. పక్కటెముకలు విరిగాయి. స్టీల్ ప్లాంటులో రిటైరైన మనిషి. రోజూ ఆ వేళకి సైకిల్ మీద పాలకి వెళ్తాడు.

కేసు ఎస్సై వెరోనికా చేతికొచ్చింది. భిలాయిలోనే పుట్టి పెరిగిన తెలుగామె.

"నంబరు చూశావా మామ్మా?"

"సూసాను. ఎనకాల లైటు ఎలుగుతానే ఉంది. ఒంగి మరీ సూసాను. ఆ నంబరు గంతులేసీసిందమ్మా."

"గంతులేయడం ఏంటి?"

"ఏటని సెప్పను? అంకెలన్నీ జలజల్లాడిపోనాయి. ఒక్కటీ నిలబళ్ళేదు."

కానిస్టేబుల్ ఫక్కున నవ్వాడు. ముసలామె కళ్ళు పోయాయి మేడమ్ అన్నాడు హిందీలో. వెరోనికాకీ నవ్వొచ్చింది. సాక్షికి చూపు సరిగా లేదని రిపోర్టులో రాసింది. సాయంత్రానికల్లా గున్నమ్మ గంతుల నంబరు చుట్టుపక్కల సెక్టర్లన్నిటికీ పాకింది. అందరూ నవ్వుకున్నారు.

మంగళవారం ఆస్పత్రిలో శంకరరావు ఇంకో మాట చెప్పాడు.

"లారీ అమ్మా. లారీయే గుద్దింది."

"కారని గున్నమ్మ అంటోంది."

"నాకు లారీయే కనబడింది."

"మనిషి దిగాడట. మీ మొహంలోకి వంగి చూశాడట."

"అప్పటికి నాకు తెలివి నేదు."

అంతే. మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

అబద్ధం. వెరోనికాకి అర్థమైంది. కానీ తనని గుద్ది పారిపోయినవాణ్ణి ఎవరైనా ఎందుకు కాపాడతారు?

వార్డు బయట బెంచీ మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పేరు నరసింగరావు. బ్లాస్ట్ ఫర్నేసులో శంకరరావుతో కలిసి ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన స్నేహితుడు.

"రోజూ వస్తన్నారమ్మా," అంది శంకరరావు భార్య. "ఎంత పిలిసినా లోపలికి మాత్రం రారు. ఈయన్ని ఇలాగ సూళ్ళేకపోతన్నారు కాబోలు."

బుధవారం మధ్యాహ్నం. రైల్వే గేటు పడింది. పోలీసు జీపు ఇంజన్ ఆపకుండా నిలబడింది. వెరోనికా యథాలాపంగా సైడ్ మిర్రర్‌లోకి చూసింది. వెనకాల లారీ. దాని నంబరు అద్దంలో అలుక్కుపోయి కనిపించింది. ఒక్క అంకె కూడా నిలబడ్డం లేదు.

ఆమె డ్రైవరు వైపు తిరిగింది.

"అద్దం ఎందుకిలా వణుకుతోంది?"

"ఇంజన్ మౌంటింగ్ పోయింది మేడమ్," అన్నాడు డ్రైవరు. "మార్పించాలి."

జీపు తిన్నగా గున్నమ్మ బండి దగ్గరికి పోనిచ్చింది. రోడ్డుకి అవతల ఆగి ఉన్న స్కూటర్ చూపించి నంబరు చదవమంది. గున్నమ్మ తడుముకోకుండా చదివేసింది.

"నా కళ్ళకేటమ్మా? నివ్వే నమ్మనేదు."

వెరోనికా తలెత్తి ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

స్మృతి నగర్ రోడ్డులో మెకానిక్ ఎబెన్ షెడ్డు ఉంది. జీపు అక్కడే రిపేరుకి ఇచ్చి, వెరోనికా ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నంబర్ ప్లేటు చదవలేనంతగా కారు వణకాలంటే ఏమవ్వాలి?"

ఎబెన్ మూడు ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"వీటి మీదే మేడమ్ ఇంజన్ కూర్చునేది. ఇది రబ్బరు. కంపెనీ నుంచి ఇదే వస్తది. వణుకంతా మింగేస్తది. ఇది పాలీయూరథేన్. కాస్త గట్టిది. ఇంజన్ ఎక్కువ ఊగదు గానీ కొంత వణుకు లోపలికొస్తది. ఇది సాలిడ్, ఉత్త అల్యూమినియం. ఇంజన్ అసలు కదలదు. ఆ వణుకంతా బాడీకే. బండి నిలబెట్టామా, అద్దాలు, ప్లేటు, మన పళ్ళు కూడా గడగడలాడతాయి. రేసులోళ్ళు తప్ప ఎవరూ వేయించరు."

"నువ్వు ఎవరికి వేశావు?"

"ఒక్కరికే. రేసులకెళ్తాడుగా, మన మనోజ్‌కుమార్ భయ్యాకి. దీపావళి అయ్యాక. రోడ్డు మీద తిరిగే బండికి పాలీయూరథేన్ చాలన్నాను. వినలేదు. మొన్న తనే వచ్చి సాలిడ్ తీయించేసి రబ్బరు వేయించుకున్నాడు."

"మొన్నంటే?"

"ఆదివారం. నేను చర్చికి బయల్దేరతంటే వచ్చాడు. అర్జెంటన్నాడు."

ప్రమాదం శనివారం జరిగింది.

మనోజ్‌కుమార్ ఎవరి కొడుకో కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నరసింగరావు కొడుకు.

ఇంటి ముందు తెల్ల కారు. బంపరంతా సొట్టలు. రేసుల్లో పడ్డవేనన్నాడు మనోజ్.

"శనివారం అయిదుంబావుకి ఎక్కడున్నావు?"

"నైట్ షిఫ్ట్ మేడమ్. ఆరింటిదాకా ఫ్యాక్టరీలోనే. బైకు మీద వెళ్ళాను."

ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. నిజమే.

"మౌంటింగ్ ఎందుకు మార్చావు?"

"ఊరికే. వణుకెక్కువైందని."

వెరోనికా నరసింగరావు వైపు తిరిగింది.

"మీరు నడుపుతారా అంకుల్?"

"కళ్ళల్లో పొరలొచ్చినాయమ్మా. రెండేళ్ళయింది స్టీరింగు ముట్టుకోనేదు. అయినా అదేం బండి! స్టీరింగు పట్టుకుంటే మోచేతులదాకా తిమ్మిరెక్కీసేది. ఇప్పుడు రబ్బరేయించినాక నయం."

మనోజ్ తల దించుకున్నాడు. వెరోనికా వెళ్ళబోతూ చెప్పింది.

"రేపు పదింటికి ఇద్దరూ ఆస్పత్రికి రండి."

నరసింగరావు వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మనోజే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. మంచం పక్కన శంకరరావు భార్య నిలబడి ఉంది. శంకరరావు కళ్ళు మూసుకున్నాడు.

"గున్నమ్మ చెప్పింది నిజం," అంది వెరోనికా. "నంబరు నిజంగానే గంతులేసింది. మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను. మనోజ్ ఒక్కడే నవ్వలేదు. ప్లేటు ఎందుకు గంతులేస్తుందో అతనికి తెలుసు. అందుకే మర్నాడే రబ్బరు వేయించాడు. కానీ ఆ పొద్దున్న అతను డ్యూటీలో ఉన్నాడు. మరి ఎవరి కోసం?"

ఆమె నరసింగరావుకి ఎదురుగా వెళ్ళింది.

"అంకుల్, రెండేళ్ళుగా స్టీరింగు ముట్టుకోలేదన్నారు. పట్టుకుంటే తిమ్మిరన్నారు. సాలిడ్ మౌంటింగ్ వేసింది మొన్న దీపావళి తర్వాత. ఆదివారం తీసేశారు. పక్క సీట్లో కూర్చున్నవాడికి స్టీరింగు తిమ్మిరి తెలీదు. ఈ రెండు నెలల్లో మీరు ఆ కారు నడిపారు."

"డాడీది కాదు మేడమ్, తప్పు నాది," అన్నాడు మనోజ్.

"నువ్వూరుకోరా." నరసింగరావు కొడుకుని పక్కకి నెట్టాడు. "వీడు నైట్ డ్యూటీకెళ్ళినప్పుడల్లా బండి తీసీవోణ్ణమ్మా. తెల్లారకముందు రోడ్లు ఖాళీ. ఎవుడూ సూడడు. కళ్ళు పోనాయని ఒప్పుకోడానికి సిగ్గు. లైసెన్సు అయిపోయిందని సెప్పడానికి సిగ్గు. ఆవేళ మంచులో సైకిలు కనబళ్ళేదు. దిగినాను. ఒంగి సూసినాను. మా శంకరరావే."

శంకరరావు భార్య మంచం కమ్మీ పట్టుకుంది.

"గుర్తుపట్టే వెళ్ళిపోయారా అన్నయ్యా?"

నరసింగరావు గోడకి చేరగిలబడి, నేల మీదికి జారి కూర్చున్నాడు. శాలువా మొహమ్మీదికి లాక్కున్నాడు.

"మీరెందుకు లారీ అని చెప్పారు?" వెరోనికా శంకరరావుని అడిగింది. "ఆయన్ని కాపాడదామనా?"

"కాదమ్మా." శంకరరావు కళ్ళు తెరిచాడు. పైకప్పు వైపే చూస్తున్నాడు. "ముప్ఫయ్యేళ్ళు ఒక్క క్యారేజీలో తిన్నాం. అలాటోడు నన్ను సూసి కూడా వొగ్గేసి ఎల్లిపోనాడని మా ఆవిడకి ఏ మొహం పెట్టుకుని సెప్పను? నాకే సిగ్గేసింది."

అప్పుడు మొహం ఇటు తిప్పాడు. ఆ ప్రమాదం తర్వాత స్నేహితుణ్ణి చూడటం అదే మొదటిసారి.

"ఒరే నరిసిగా. ఆవేళ నిన్ను పేరెట్టి పిలిసినాను. నీకు ఇనబడిందా?"

నరసింగరావు శాలువా తీయలేదు. తండ్రి వైపు చూశాడు మనోజ్. కాదనమని వేడుకుంటున్నట్టు.

"ఇనబడింది," అన్నాడు శాలువాలోంచి. "రెండుసార్లు పిలిసినావు."

శంకరరావు వెరోనికా వైపు తిరిగాడు.

"రాసుకోండమ్మా. లారీ కాదు, కారు. నడిపినోడి పేరు నాను సెప్తాను."