నాడె పీల్చిన నోరు

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. ఈ కథలో ఎవరినైనా గట్టిగా తిట్టుకోవచ్చని మొదలుపెట్టాను. తిట్టడానికి ఒక్కరూ దొరకలేదు.

మరమగ్గాల పేట కనేరిలో తెల్లారిందంటే ఆ సాంచల చప్పుడే చెబుతుంది. ఆ పొద్దున కూడా సాంచ నడిపే దత్తు పనికి పోకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆరేళ్ల కూతురు సోనాలి చాయ్‌లో ముంచిన పావ్ కొరికి, మిగిలింది తండ్రి నోటికి అందించబోయింది. దత్తు ముఖం తిప్పుకున్నాడు.

పెద్దకూతురు శ్రద్ధ పోయినప్పటి నుంచీ ఇంతే. కడుపునొప్పంటే అజీర్తి అనుకుని వాము నీళ్లు తాపారు. ఆస్పత్రికి చేరేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. "నోట్లో ఉండే బ్యాక్టీరియా కొన్నిసార్లు అక్కడా కనబడుతుంది" అని డాక్టర్ చెబుతుండగానే దత్తు లేచి బయటికి వెళ్లిపోయాడు.

సాంచ మీద అటూ ఇటూ ఉరికే నాడెలో దారం చుట్టిన కొత్త కండె పెట్టినప్పుడల్లా, దారం కొసను చిన్న రంధ్రంలోంచి నోటితో పీల్చి లాగాలి. పదిమంది నోళ్లు తగిలిన నాడె. అన్నం డబ్బా తెచ్చినప్పుడల్లా శ్రద్ధ "బాపూ, నేను పీలుస్త" అనేది. దత్తు మురిసిపోయి ఇచ్చేవాడు.

"సాంచల సేఠ్ మళ్ల మనిషిని పంపిండు," అంది భార్య శ్రీదేవి.

"పోను. ఆ నాడె నోట్ల పెట్టుకోను."

"పెట్టుకోకు. మరి పోరి ఏం జేసింది? దాన్నెందుకు దగ్గరికి రానియ్యవ్?"

"నా నోటి పురుగులే పెద్దదాన్ని మింగినయ్. దీన్ని గూడ మింగాల్నా?"

"డాక్టర్ పూరా మాట ఇనకుంటనే ఉరికినవ్. అవి అందరి నోట్ల ఉంటయట. ఒక్కలకే ఎందుకు గట్లయితదో వాళ్లకే ఇంక పక్కా తెల్వదట. నాడెతోని అచ్చిందని ఆయన అన్లే. నువ్వే అనుకున్నవ్."

"నీకేంది. నాడె ఇచ్చింది నేను గద."

"వాము నీళ్లు తాపింది ఎవలు మరి? నేను గాదా?" అంది శ్రీదేవి.

సోనాలి పావ్ ముక్కను నలుపుతూ మూలకు జరిగింది.

"బాపూ, అక్క నా నోట్ల చాక్లెట్ తీస్కొని తిన్నది. సగం నేను చప్పరించిన. అక్కను నేనే చంపిన్నా? అందుకే నన్ను దగ్గరికి రానిస్తలేవా?"

దత్తు కూతురి వైపు తిరిగాడు. తన నోటి నుంచి బిడ్డను కాపాడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ బిడ్డ ఇంత బరువును ఒక్కతే మోస్తూ తిరిగింది.

"లేదు బిడ్డా. నువ్వు గాదు. ఎవలం గాదు."

బిడ్డకు చెప్పిన ఆ మాట అతని చెవికీ మొదటిసారి వినబడింది. సోనాలిని ఒళ్లోకి లాక్కుని, నెత్తి ముద్దాడి, శ్రద్ధ పోయాక ఇన్నాళ్లకు గొంతెత్తి ఏడ్చాడు. శ్రీదేవి వచ్చి పక్కన కూర్చుంది.

మీ ఇంట్లోనూ చెయ్యని తప్పును ఎవరైనా మూటగట్టుకుని మోశారా? కింద రాయండి. పేరు చెప్పకపోయినా పర్లేదు.