పెదవులు కదిపితే చాలు

ఆ ఆదివారం ఉదయం గెర్డా భోజనాల బల్ల మీద ముప్ఫై పాటకాగితాలను అంచులు కలిసేలా మడిచి పెట్టింది. భర్త హోల్గర్‌కు ఆ రోజుతో ఎనభై నిండాయి. ఇంటి పండుగకు తెలిసిన వరుసలో కొత్త పాట కట్టి, అచ్చువేసి, వచ్చినవారందరి చేతా పాడించడం వాళ్ల కోల్డింగ్ ఊళ్లో ప్రతి ఇంటా ఉన్నదే. ముప్ఫై నాలుగేళ్లు చర్చిలో ఆర్గన్ వాయించిన గెర్డా మాత్రం ఆ పనిని ఇంకెవరికీ అప్పగించలేదు. బంధువులు కట్టే పాటల్లో ప్రాస తప్పుతుందనీ, పాడే గొంతులు అంతకన్నా తప్పుతాయనీ ఆమె నమ్మకం.

కూతురు మెరెటె మీద ఆమె అభిప్రాయం అంతకంటే తక్కువ. చర్చి సంగీతానికి పనికొచ్చే గొంతు పెట్టుకుని, నుదుటికి మైకు అంటించుకుని, ముప్ఫై ఏళ్లుగా సంగీత నాటకాల్లో ఊరూరా గెంతుతోంది. గెర్డా ఒక్క ప్రదర్శనకూ వెళ్లలేదు. చూడకుండానే తీర్పు చెప్పదగిన విషయాల్లో అదొకటని ఆమె ఉద్దేశం.

పొద్దుటి రైలుకు దిగిన మెరెటె కోటైనా విప్పకుండా కాగితం తీసి, వరుస కూనిరాగం తీసింది.

"అమ్మా, ఈ శ్రుతి వాళ్లకి అందదు. రెండు మెట్లు దించు."

"అందుకోవడం వాళ్లే నేర్చుకోవాలి."

"డెబ్భై ఏళ్లవాళ్లు, కడుపునిండా చేప తిని, ఎక్కడికని ఎక్కుతారే?"

"టికెట్టు కొన్న జనానికి నువ్వు దించుకో. ఇంతకీ ఇప్పుడు ఏ వేషం? కోడి వేషమా?"

"సత్రం యజమానురాలు. కోడి పోయినేడు." మెరెటె కాగితం కింద పెట్టింది. "ఇవాళ్టి ఆటకి నా బదులు ఇంకొకర్ని పెట్టి వచ్చాను. అందరి ముందూ ఇలా ఒక్క మాటన్నావంటే, ఇక ఈ గుమ్మం తొక్కను. నాన్నకి చూడాలనిపిస్తే ఆయనే నా దగ్గరికి వస్తాడు."

భోజనాలయ్యాక గెర్డా పియానో ముందు కూర్చుంది. మూడో పాదంలో వరుస పైకెక్కింది. ఒకరి తర్వాత ఒకరు కాగితంలో తల దాచుకున్నారు. రెండో చరణానికి పియానో ఒక్కటే మిగిలింది.

"ఇంతమంది ఉండి ఒక్క పాట ఎత్తలేరా?" గెర్డా వాయించడం ఆపింది. "మెరెటె, వీళ్లని కాస్త నవ్వించు. నీకొచ్చింది అదేగా!"

ఎవరూ నవ్వలేదు. మెరెటె తండ్రి ముఖం చూసింది. చేతిలోని కాఫీ కూజా కింద పెట్టి, నిలబడ్డచోటే రెండు మెట్లు దించి, ఊపిరికి చోటిస్తూ అదే పాట ఎత్తుకుంది. గొంతులు ఒక్కొక్కటే వచ్చి కలిశాయి. వాటి అడుగున లోతైన, నిండైన గొంతొకటి లేచింది. అదెవరిదోనని గెర్డా వెనక్కి తిరిగింది. తనతో యాభై అయిదేళ్లు కాపురం చేసిన మనిషిది.

పాట ముగిశాక అడిగింది: "నువ్వు పాడతావా?"

"కారులో," అన్నాడు హోల్గర్.

"నన్ను డాన్సు క్లాసుకి దింపేటప్పుడు రోజూ పాడేవాడు," అంది మెరెటె. "నేను పాట నేర్చుకుంది అక్కడే."

"మరి ఇంట్లో?"

"పెళ్లయిన కొత్తల్లో, చర్చి బృందంలో అందరి ముందూ చెప్పావుగా, పెదవులు కదిపితే చాలని," అన్నాడాయన, ఏ నిష్ఠూరమూ లేకుండా. "కదిపాను."

గెర్డాకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. దాని ఫలితాలు మాత్రం వరుసగా కనిపించాయి. ఆ మాటకు ఇంట్లో పాట ఆగింది. ఆగిన పాట కారులోకి పోయింది. అక్కడ ఒక పిల్ల దాన్ని నేర్చుకుంది. ఆ పిల్లను తాను ముప్ఫై ఏళ్లు ఈసడించింది.

సాయంత్రం మెరెటెను స్టేషనులో దింపడానికి హోల్గర్ కారు తీస్తుంటే, గెర్డా పిలవకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చుంది. రెండు వీధులు దాటినా ముందు కూర్చున్న ఇద్దరూ నోరు విప్పలేదు. ఆ నిశ్శబ్దం తనవల్లేనని గ్రహించాక, ఆమె కళ్లు నిండాయి.

"పాడుకోండర్రా. నేనేమీ అనను."

హోల్గర్ అద్దంలో ఆమెను చూశాడు. "అనకుండా ఉండగలవా?"

"తెలీదు," అంది గెర్డా నిజాయితీగా.

మెరెటె వెనక్కి తిరిగి తల్లి తడి ముఖాన్ని కాసేపు చూసింది. తర్వాత చాలా కిందినుంచి, ముసలి గొంతులు రెండింటికీ అందేలా, పాట ఎత్తుకుంది.