గోడవారన ఉప్పు

నిజామాబాద్‌లో ప్రైవేటు డిటెక్టివ్ వీరరాఘవయ్య దగ్గరకు ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబులే వస్తాయి. అందుకే తెల్లకోటుతోనే అంకిత వచ్చి కూర్చోగానే సహాయకురాలు ఉదయశ్రీ చేతిలోని ఫైలు పక్కన పెట్టేసింది.

అంకిత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టు. పక్షవాతంతో కుడి కాలూ, మాటా పడిపోయిన బాపురావు అనే బోధన్ చెరుకు రైతుకు రెండు నెలలుగా వ్యాయామం చేయిస్తోంది. ఆ మధ్యాహ్నం అతని కుడి మోకాలి కింద కాలిన బొబ్బ కనబడింది.

"వేడి ప్యాకు పెట్టి మర్చిపోయిన అంటున్నరు సార్. రేపటి నుంచి రావద్దన్నరు. పదకొండేండ్ల సర్వీసు నాది. స్పర్శ లేని కాలుకు మేం వేడి పెట్టనే పెట్టం. కాల్తున్నా వాళ్లకు తెల్వదు కద."

"పదమ్మా, ఆ కాలే చెబుతుంది," అంటూ లేచాడు వీరరాఘవయ్య.

ఆసుపత్రి గదిలో బాపురావు కాలి మీది బొబ్బ రూపాయి బిళ్లంత ఉంది, గుండ్రంగా. ఆసుపత్రి ప్యాకు పలకంత వెడల్పు. పక్కన భార్య సాయవ్వ కూర్చుని ఉంది.

"కాలు ఎట్లుందవ్వా?" అని అడిగింది ఉదయశ్రీ.

"సల్లగున్నది బిడ్డా. మంచుగడ్డ లెక్క."

ఉదయశ్రీ చెప్పు కింద ఏదో కరకరలాడింది. మంచానికి కాళ్ల వైపు, రెండు గజాల అవతల, గోడవారన తెల్లటి రాళ్లు. వీరరాఘవయ్య ఒకటి తీసి నాలుకకు తగిలించుకున్నాడు. ఉదయశ్రీ ముఖం చిట్లించింది. ఆయన ఒక్కడే క్యాంటీన్ దాకా వెళ్లొచ్చి, అందరినీ గదిలోకి పిలిపించాడు. మేనేజర్ భానుప్రసాద్ గడియారం చూసుకుంటూ వచ్చాడు.

"ఇది ప్యాకు పని కాదు, కాపడం. రాళ్ల ఉప్పు వేయించి, మూట కట్టి అద్దడం. క్యాంటీన్ నర్సన్న వేయించి ఇచ్చాడు. అవునా సాయవ్వగారూ?"

సాయవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే సారు. తలుపు సప్పుడైతే అటు సూసిన, గంతల్నే మూట చేయి జారింది. ఏరుకొని సంచిల దాసిన. మమ్ముల ఎల్లగొడ్తరని బుగులైంది. గీ పిల్ల నౌకరి పోతున్నా నోరు మెదపకపోతి."

అంకిత ఆమె భుజం మీద చెయ్యేసింది. కోపం వచ్చినా ఆ ముసలామెను చూస్తే నిలవలేదు.

"అయితే తేలిపోయింది," అన్నాడు భానుప్రసాద్.

"సగమే తేలింది. చేయి జారిన మూట మంచం పక్కనే పడాలి. ఎవరూ తన్నకుండా గోడ దాకా ఎలా వెళ్లింది? మొద్దుబారిన కాలి మీద మూట అలాగే ఉండిపోతే బొబ్బ అరచేయంత ఉండాలి, రూపాయంత కాదు. సాయవ్వ తలుపు వైపు చూస్తోంది. గదిలో ఇంకెవరున్నారు?"

అందరి చూపూ మంచం మీదికి పోయింది.

అంకిత పెన్ను మూత తీసుకుని మంచం దగ్గర కూర్చుంది. "బాపూ, కండ్లు మూసుకో. నేను కాలు ముట్టుకుంటే ఎడమ చెయ్యి లేపు."

మడమ ముట్టుకుంది. చెయ్యి లేచింది. పాదం, చెయ్యి లేచింది. చిటికెన వేలు, మళ్లీ లేచింది. నాలుగోసారి ముట్టుకోకుండా ఊరుకుంది. చెయ్యి కదల్లేదు.

ఉదయశ్రీకి అర్థమైంది. ఉప్పు రాళ్లలోంచి గురువుగారు లాగింది దొంగను కాదు, స్పర్శ తిరిగొచ్చిన ఒక కాలిని. భానుప్రసాద్ గడియారం మాట మరిచి, "రేపు రామ్మా డ్యూటీకి," అని గొణిగాడు. అంకితకు అది వినబడనే లేదు. రెండు నెలలుగా ఆ కాలిని వంచిన తన చేతుల్నే చూసుకుంటోంది.

సాయవ్వ భర్త మీదికి వంగింది. "కాలిందా నీకు? నొచ్చిందా?"

బాపురావు ఎడమ చెయ్యి ఎత్తాడు.