తలుపు వెనుక గొంతు

నోటికి పలుకును, చెవికి వినికిడిని అనుగ్రహించిన ప్రభువా! ఈ కథ చెప్పు నాలుకను అసత్యమునుండి కాపాడుము.

1991లో ఒక శుక్రవారం ఉదయం. అరబ్బు దేశంలో దార్సైట్ అనే పేటలోని ఇంటినుండి ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరిన నర్సు మణికుమారిని, పక్కింటి కడప అమ్మాయి అస్రా మెట్లమీద ఆపింది.

“అక్కా, బాధపడొద్దు. నువ్వు డ్యూటీకి పోతానే మీ ఇంట్లో ఎవురో ఆడమనిషి పాడ్తాది. అల్లా కసమ్!”

“రేడియో అయ్యుంటుందిలే.”

“రేడియోతో మీ ఆయన మాట్లాడ్తాడా?”

ఆ మాట ముల్లులా దిగింది. గొంతుకు ఆపరేషన్ జరిగి స్వరం బొంగురుపోయిన నాటినుండి మణికుమారి కీర్తన పాడలేదు. భర్త ప్రసాద్ బాబు పాడమని అడగనూ లేదు. అడగకపోవడానికి కారణం ఇదా? వార్డులో చేతులు పనిచేస్తున్నా మనసు నిలువలేదు. తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నానికే ఇల్లు చేరింది.

తలుపు వెనుక నిజంగానే ఒక స్త్రీ పాడుతోంది. మందమైన, మత్తెక్కిన గొంతు. అంతలో భర్త మాట: “అలా మూతి బిగిస్తే ఎలా బంగారం? కాస్త నోరు విప్పు!”

ఆమె తాళం తీసి దూసుకువెళ్లింది. “ఎక్కడండీ అది? ఎక్కడ దాచారు?” తెర లాగింది, స్నానాలగది తలుపు తోసింది.

“మణీ, ఎవరూ లేరు...”

“విన్నాను! నా గొంతు పోయిందని ఇంకొకర్ని తెచ్చుకున్నారా?”

ప్రసాద్ బాబు క్యాసెట్ ఆపి, గాజు వాల్వులతో నడిచే పాత యాంప్లిఫయరు వెనుక తీగలు విప్పాడు. వాటిని కొత్త స్పీకరు పెట్టెలనుండి తీసి, మూసేసిన సినిమాహాలులో కొన్న పాత, పలుచని కాగితపు పొరల స్పీకర్లకు బిగించాడు. క్యాసెట్ మళ్లీ తిరిగింది.

ఈసారి గొంతు తేటగా, గదిలో మనిషి నిలబడినట్టు పలికింది. చరణం ఎత్తుకునేముందు చిన్నగా ఊపిరి పీల్చుకుంది. మణికుమారి స్పీకరు దగ్గరకు వంగింది.

“ఇది... నేనా?”

“పెళ్లికి ముందు మీ చర్చిలో పాడినది. ఈ యాంప్లిఫయరుకు బలం తక్కువ. బరువైన పెట్టెలు తగిలిస్తే నీ గొంతు ఇంకెవరిదో అయిపోతోంది. తేలిగ్గా పలికేవి కావాలి. ఇందాక నోరు విప్పమని బతిమాలింది ఆ పెట్టెనే. సరిగ్గా కుదిరేదాకా నీకు వినిపించకూడదనుకున్నాను. మనకు మిగిలింది ఈ ఒక్క క్యాసెట్టే కదా.”

“మరి ఎన్నడూ పాడమని అడగలేదేం?”

“అడిగితే ఏడుస్తావని భయం.”

“అడగలేదనే ఏడ్చానండీ! ఇప్పుడేమో నా గొంతునే సవతి అనుకున్నాను.” నవ్వబోయి భోరుమంది.

ఆయన క్యాసెట్ ఆపబోతే చెయ్యి పట్టుకుంది. “ఉండనివ్వండి.” రెండో చరణంలో, పగిలిన బొంగురు గొంతుతోనే, ఆ పాటకు కిందుగా తానూ పాడసాగింది.

ఈ కథ విన్నవారి యిండ్లలో అనుమానము అణగి, సమాధానము నిలుచును గాక. ఆమేన్.