రెండు చలికాలాల నీళ్ళు

మా రెపాంతిన్యీ ఊళ్ళో మే నెల మూడు రోజుల సెలవులు వచ్చాయంటే ప్రతి పెరట్లోనూ పంపు మోటారు మోగుతుంది. మంచు కరిగిపోయింది కాబట్టి ఈతకొలను మీద చలికాలానికి కప్పిన పట్టా తీయాలి. సెలవుల చివరి రోజు సోమవారానికి తీయనివాళ్ళను బద్ధకస్తులంటారు. నేను నిరుడు అసలు తీయలేదు.

నా భర్త ఫెర్నాన్ ఆసుపత్రిలో ఉన్న అక్టోబరులో కొలను మూసింది మా బావగారు రొజేర్. ఆయనది పక్కిల్లే. ఫెర్నాన్ పోయాక నాకు దేనిమీదా మనసు పోలేదు, వేసవంతా పట్టా అలాగే ఉండిపోయింది. ఆ ఒక్క వేసవికే నా ఎడమకాలు బిగుసుకుపోయింది. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలు. నేల మీద కర్ర లేనిదే కదలను గానీ, నీళ్ళలో తిన్నగా నడుస్తాను. ఈ వేసవి కూడా నీళ్ళు లేకపోతే ఇక చక్రాల కుర్చీయేనని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

బావగారు మాత్రం కొలను పూడ్చేద్దామని ఒకటే పోరు. మంగళవారానికి మట్టి లారీలు కూడా తనే మాట్లాడేశారు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి నా పెరడు కోసం మట్టి కొనడమేమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు, ఒళ్ళు మండిపోయింది. సోమవారం సాయంత్రానికి మోటారుతో నీళ్ళు తిరిగితే కొలను నాది, తిరక్కపోతే మీ ఇష్టమని తెగేసి చెప్పాను.

సోమవారం మధ్యాహ్నం సన్నగా తుంపర పడుతోంది. ముందు పట్టా మీద నిలిచిన నీళ్ళు తోడేశాను. కుళ్ళిన ఆకులు, చచ్చిన కప్పలు... ముక్కు పగిలే వాసన. నీళ్ళు పోయాక పట్టా మధ్యలో ఒక ఉబ్బు బయటపడింది. చలికాలం గడ్డకట్టిన నీళ్ళు గోడల్ని పగలగొట్టకుండా మేమంతా పట్టా కింద గాలి దిండు వేస్తాం. అదేలే అనుకున్నాను.

తాళ్ళు విప్పుకుంటూ లోతు వైపు వెళ్ళాను. ఉబ్బు కూడా అటే జరిగింది. గాలికి కాబోలు. మెట్ల వైపు వచ్చాను... అదీ వచ్చింది. చూస్తే చెట్టు మీద ఆకు కూడా కదలడం లేదు.

కంచె అవతల బావగారు నిలబడి ఉన్నారు.

"దిండ్లు ఎన్ని వేశారు బావగారూ?"

ఆయన టోపీ తీసి చేతిలో నలుపుతూ దగ్గరికి వచ్చారు. గొంతు బాగా తగ్గించారు.

"వెయ్యలేదమ్మా. ఆ ఆసుపత్రి హడావుడిలో మర్చిపోయాను."

"మరి అదేమిటి?"

"తెలీదు. రెండు చలికాలాలూ మా వంటింటి కిటికీలోంచి చూశాను. నీళ్ళు రాయిలా గడ్డకట్టిన రోజుల్లో కూడా... అది చోటు మారేది."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే నువ్వు పట్టా ఎత్తి చూస్తావు. నీ సంగతి నాకు తెలీదా? పూడ్చేద్దాం గిస్లేన్. దాన్ని లోపలే ఉంచి పూడ్చేద్దాం."

భయం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ చక్రాల కుర్చీ కళ్ళ ముందు కనిపించింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, దెయ్యం కన్నా కాడా? పట్టా అంచు రెండు చేతులా పట్టుకుని లాగేశాను.

కింద ఏమీ లేదు. నల్లటి నీళ్ళు, అంతే. రెండు చలికాలాల మంచూ వానా కలిసి అంచు దాకా వచ్చాయి.

నీళ్ళు తిరగాలంటే చలికాలానికి ముందు గోడ గొట్టంలో బిగించిన రబ్బరు బిరడా విప్పాలి. గట్టు మీద బోర్లా పడుకుని చెయ్యి భుజం దాకా ముంచాను. బిరడా చేతికి తగిలింది. ఎడమకు తిప్పాను. వదులైంది. మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ తిప్పాను... బిగుసుకుంది.

నా వేళ్ళ మీద ఇంకో చేతి వేళ్ళు. మెత్తగా... నానిపోయి.

మావాళ్ళకు కోపం వస్తే చర్చిలో సామాన్ల పేర్లు పెట్టి తిడతారు. బలిపీఠం మొదలుకొని రొట్టె గిన్నె దాకా ఒక్కటీ వదలకుండా తిట్టాను. తిట్లనుకుందో ప్రార్థన అనుకుందో, అవతలి చెయ్యి ఆగింది. బిరడా ఊడి వచ్చింది. మోటారు వేశాను. నీళ్ళు తిరిగాయి.

నువ్వే గెలిచావు, ఇక ఇంట్లోకి పద అని బావగారు బతిమాలారు. నీళ్ళు తిరిగినంత మాత్రాన కొలను నాదవుతుందా? దిగాలి. కర్ర ఆయన చేతికిచ్చి, కట్టుబట్టలతోనే మెట్లు దిగాను.

చలి ఎముకల్లోకి పాకింది. ఒక అడుగు... రెండు... మూడు... నాలుగు. అన్నీ తిన్నగా పడ్డాయి. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

అయిదో అడుగు పడలేదు.

ఎడమ చీలమండ చుట్టూ అయిదు వేళ్ళు. లాగడం లేదు. పట్టుకుని ఉన్నాయి.

నేను వంగి నీళ్ళకు దగ్గరగా మెల్లగా అన్నాను.

"నీకు ఆ కాలే దొరికిందా? అదెప్పుడో చెడిపోయిన సరుకు. కావాలంటే నువ్వే ఉంచుకో. కొలను మాత్రం ఇవ్వను."

వేళ్ళు విడిపోయాయి.

మెట్లెక్కి గట్టు మీద పది గజాలు నడిచాక గానీ చూసుకోలేదు, కర్ర ఇంకా బావగారి చేతిలోనే ఉంది. ఆయన గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. మర్నాడు లారీలు రాలేదు.

ఇప్పుడు జులై. రోజూ ఈదుతున్నాను. నా నడక చూసి డాక్టరమ్మ నమ్మలేకపోయింది. ఎడమకాలికి సూది గుచ్చి చూసింది. నొప్పి తెలియలేదు, రక్తమూ రాలేదు. ఆవిడ వెళ్ళి చేతులు కడుక్కుంది. సెప్టెంబరు దాకా ఆ నీళ్ళు నావి, ఎవరు అడ్డొస్తారో చూస్తాను.

కుడికాలు నేను ఆగమన్నచోట ఆగుతుంది. ఎడమది ఒక్క అడుగు ఎక్కువ వేస్తుంది. ఇంట్లో నేను ఎటు తిరిగి నిలబడినా సరే... ఆ అడుగు పెరటి వైపే పడుతుంది.